పదహారున్నర గంటల్లో డాలస్: దూరాల లెక్క చెప్పే ఒక వెబ్ పేజీపై సమీక్ష

మా చెల్లెలు టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటుంది. అమ్మానాన్నలను అక్కడికి పంపే ఏర్పాట్లు మొదలైన రోజున నాన్నగారు నన్ను అడిగింది ఒక్కటే: “ఎంత దూరంరా? ఎంతసేపు కూర్చోవాలి?” ఆయన ఖమ్మంలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. “చాలా దూరం నాన్నా, ఒక రోజు పడుతుంది” అన్న జవాబుతో తృప్తిపడే మనిషి కాదు. అందుకని రెండు ఊళ్ల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరమూ, విమాన ప్రయాణ సమయమూ చెప్పే వెబ్ పేజీ ఒకటి తెరిచి ఆయన ముందు పెట్టాను. ఇటువంటి పేజీలు చాలా ఉన్నాయి. నేను చూసిన మేరకు వాటి లెక్కలన్నీ దాదాపు ఒకే తీరుగా సాగుతాయి. కాబట్టి దీని పేరు చెప్పి ప్రత్యేకంగా దీన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే ఆ తరువాత నాలుగు నెలల పాటు మా ఇంట్లో ఈ పేజీకి జరిగినంత కఠినమైన పరీక్ష మరెక్కడా జరిగి ఉండదు. ఆ పరీక్ష ఫలితమే ఈ సమీక్ష.

మొదటిసారి హైదరాబాద్, డాలస్ అని కొట్టగానే పేజీ సుమారు 13,350 కిలోమీటర్లు అని చూపించింది. విమానానికి 15 గంటల 20 నిమిషాలు పడుతుందని కూడా రాసింది. నాన్నగారు తన పాత అట్లాసులో అక్షాంశాలు, రేఖాంశాలు చూసి కాగితం మీద లెక్క వేసుకుని, ఎక్కడో వెయ్యి కిలోమీటర్లు తగ్గాయని తేల్చారు. నేను ఆయన లెక్కనే అనుమానించాను. తీరా పటాన్ని పెద్దది చేసి చూస్తే పేజీ బయలుదేరిన హైదరాబాద్ మనది కాదు, పాకిస్తాన్‌లో సింధు నది ఒడ్డున ఉన్న హైదరాబాద్. ఊరి పేరు కొట్టగానే వచ్చే జాబితాలో రెండు హైదరాబాద్‌లనూ దేశం పేరుతో సహా చూపించి, ఏది కావాలో అడగవలసిన చోట, అది తనకు తానే ఒకదాన్ని ఎంచుకుని ముందుకు పోయింది. దేశం పేరు చేర్చి మళ్లీ అడిగితే 14,415 కిలోమీటర్లు, 16 గంటల 31 నిమిషాలు అని వచ్చింది. ఈ సంఖ్య నాన్నగారి కాగితం మీది సంఖ్యకు బాగా దగ్గరగా ఉంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ కదలికకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు.

అదే పేజీ కింది భాగంలో, కారులో వెళితే 7 రోజుల 12 గంటలు పడుతుందని కూడా ఉంది. గంటకు 80 కిలోమీటర్ల లెక్కన భాగించి రాసినట్టుంది. దారిలో సముద్రం ఒకటి ఉందన్న సంగతి భాగహారానికి తెలియదు కదా.

ఇక దూరం సంగతి. ఈ విషయంలో పేజీకి నూటికి తొంభై అయిదు మార్కులు ఇవ్వవచ్చు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళంగా భావించి, ఆ గోళం మీద మహావృత్తం (గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తం) వెంట కొలిచిన దూరమే ఇది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. నిండు గోళం అనుకోవడం వల్ల వచ్చే తేడా అర శాతం దాటదు, అంటే ఇంత దూరానికి కూడా డెబ్బై అయిదు కిలోమీటర్ల లోపే. ఊరి నడిబొడ్డు నుంచి కొలిచారా, విమానాశ్రయం నుంచి కొలిచారా అన్న తేడా మరికొంత ఉంటుంది. మనకు శంషాబాద్ ఉన్నట్టే వాళ్లకు డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ నడుమ 1974లో మొదలైన పెద్ద విమానాశ్రయం ఉంది. ప్రయాణం ఏర్పాటు చేసుకునేవారికి ఈ తేడాలు లెక్కలోకి రావు.

ఈ పేజీలో నాకు నచ్చిన అంశం పటం మీద గీసిన గీత. గోడకు తగిలించే పటంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎవరైనా గీత గీయమంటే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకు గీస్తారు. పేజీ గీసిన గీత మాత్రం నిటారుగా ఉత్తరానికి పోయి, పటం పైఅంచు దగ్గర వంగి, అవతలి వైపు నుంచి కెనడా మీదుగా కిందికి దిగింది. అమ్మ చూసి “ఇదేంటి, మంచులోంచి పోతోంది?” అంది. నాన్నగారు అటక మీది గ్లోబు దింపించి, హైదరాబాద్ మీద ఒక వేలు, డాలస్ మీద ఒక వేలు పెట్టి, పూలు కట్టే దారాన్ని రెంటి మధ్య బిగించి చూపించారు. దారం వదులు లేకుండా బిగుసుకునే చోటే దగ్గరి దారి. అది కారకోరం పర్వతాలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి సుమారు 550 కిలోమీటర్ల దాకా దగ్గరగా వెళ్లి, కెనడా మీదుగా టెక్సస్‌లో దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైన ఉంది కనుక, అంటే ఒకటి భూగోళానికి ఈ వైపున ఉంటే రెండోది దాదాపు సరిగ్గా ఆ వైపున ఉంది కనుక, దగ్గరి దారి నెత్తి మీదుగా పోక తప్పదు. ఇంత విషయం పిల్లలకు ఒక్క చూపులో అర్థమయ్యేలా చూపించగలిగిన పేజీని మెచ్చుకోవలసిందే. బడుల్లో భూగోళశాస్త్రం చెప్పేవారు ఆ పటం కోసమైనా దీన్ని వాడుకోవచ్చు.

అయితే 16 గంటల 31 నిమిషాలన్న మాట దగ్గర నాకు మొదటి అభ్యంతరం ఉంది. పేజీ ఆ సమయాన్ని “విమాన ప్రయాణ సమయం” అని రాసింది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా వెళ్లే విమానమే లేదన్న మాట ఎక్కడా రాయలేదు. అంత దూరం ఆగకుండా ఎగరడం అసాధ్యమేమీ కాదు: ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు సుమారు 14,500 కిలోమీటర్లు, అక్కడ 2018 మార్చి నుంచి క్వాంటాస్ విమానం ఆగకుండా వెళుతోంది; సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు వెళ్లే విమానానిది 15,300 కిలోమీటర్లకు పైన ఉన్న దారి. మన హైదరాబాద్ నుంచే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా విమానం నడిపింది, తరువాత అది ఆగిపోయింది. అదే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చిన విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, కెప్టెన్ పాపగారి తన్మయితో సహా అందరూ మహిళలే ఉన్న పైలట్ల బృందం నడిపిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అంటే యంత్రానికి ఆ శక్తి ఉంది. గ్లోబు మీద దారం పోయిన దారిలోనే విమానం పోగలదా అన్నది మాత్రం వేరే ప్రశ్న. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీదుగా మామూలు ప్రయాణికుల విమానాలు వీలైనంత వరకు వెళ్లవు. ఎత్తులో ఉండగా లోపలి గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ విమానాన్ని త్వరగా పదివేల అడుగుల దగ్గరికి దించాలి, ఎందుకంటే ప్రయాణికుల ముఖాలకు తగిలించే మాస్కుల్లో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే సరిపోతుంది. కింద ఇరవై వేల అడుగుల కొండలుంటే దిగడానికి చోటెక్కడిది? దారానికి ఈ బాధలేవీ లేవు. పేజీ చూపే సమయం ఆ దారం మీద పరుగెత్తే ఊహా విమానానిది. అది టికెట్ దొరకని విమానం.

మా వాళ్లకు దుబాయ్ మీదుగా టికెట్లు తీశాము. అదే పేజీలో రెండు ముక్కలుగా అడిగితే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,550, అక్కడి నుంచి డాలస్‌కు సుమారు 12,920 కిలోమీటర్లు అని చెప్పింది. రెండూ కలిపితే 15,470. నేరు దారి కంటే వెయ్యి కిలోమీటర్ల చిల్లర మాత్రమే ఎక్కువ, అంటే ఏడు శాతం. దుబాయ్‌లో దిగడమంటే బాగా చుట్టు తిరిగి పోవడమని అనుకునేవారికి ఈ లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది, నాకూ కలిగించింది. ఈ రకంగా మధ్య మజిలీలను పోల్చి చూసుకోవడానికి ఈ పేజీ చక్కగా పనికి వస్తుంది. ఒక మజిలీ పేరు చేర్చి మొత్తం చూపించే గడి మాత్రం ఇందులో లేదు, ముక్కలుగా అడిగి మనమే కూడుకోవాలి.

నాన్నగారు బయలుదేరే ముందు రోజు రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొన్నారు. చేతి గడియారాన్ని భారత కాలమానం మీదే ఉంచి, ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి చెల్లెలి ఇంటి గుమ్మం ఎక్కే వరకు ప్రతి మలుపులో సమయం రాయాలన్నది ఆయన పథకం. అమ్మ ఆ పుస్తకాన్ని చూసి దండం పెట్టింది గానీ, ఈ సమీక్షకు ఆధారం అదే. ఖమ్మం నుంచి శంషాబాద్‌కు కారులో, సూర్యాపేటలో టీ కోసం ఆగినదానితో కలిపి, నాలుగున్నర గంటలు. విమానాశ్రయంలో సామాను అప్పగించడం, ఇమ్మిగ్రేషన్, తనిఖీ, నిరీక్షణ అన్నీ కలిసి మూడున్నర గంటలు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 4 గంటల 5 నిమిషాలు. దుబాయ్‌లో 3 గంటల 10 నిమిషాలు. దుబాయ్ నుంచి డాలస్‌కు 16 గంటల 20 నిమిషాలు. అక్కడ ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను, వీల్‌చైర్ కోసం ఎదురుచూపు కలిసి గంటా యాభై నిమిషాలు. విమానాశ్రయం నుంచి ఫ్రిస్కోకు నలభై నిమిషాలు. మొత్తం 34 గంటల 5 నిమిషాలు, అందులో విమానాల్లో ఉన్నది 20 గంటల 25 నిమిషాలు. పేజీ చెప్పినది 16 గంటల 31 నిమిషాలు.

ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం పేజీ చెప్పాలని నేను కోరను. ఖమ్మం రోడ్డు మీద లారీల సంగతి దానికెలా తెలుస్తుంది? కానీ గాలిలో గడిపే సమయాన్నయినా సరిగ్గా చెప్పాలి కదా. రెండు ముక్కలకూ పేజీ చెప్పిన సమయాలు తీసి చూశాను. దుబాయ్‌కి 3 గంటల 20 నిమిషాలు అంది, పట్టింది నాలుగు దాటి. దుబాయ్ నుంచి డాలస్‌కు 14 గంటల 51 నిమిషాలు అంది, పట్టింది దానికన్నా గంటన్నర ఎక్కువ. దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలపడమే దాని సూత్రమని నాన్నగారు రెండు నిమిషాల్లో పట్టేశారు. “సూత్రం తప్పు, మార్కులు లేవు” అని ఫోనులో తీర్పు కూడా చెప్పేశారు.

ఆ తీర్పు తొందరపాటని నాలుగు నెలల తరువాత తేలింది. తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి పట్టినది 14 గంటల 50 నిమిషాలు. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు 3 గంటల 25 నిమిషాలు. పేజీ చెప్పిన సమయాలకు ఒకటి ఒక్క నిమిషం, మరొకటి అయిదు నిమిషాల తేడా! సూత్రం తప్పు కాదు, అది సగం ప్రయాణానికి మాత్రమే వర్తించే సూత్రం. పేజీ చెప్పేది తూర్పుకు వచ్చే విమానం సమయం. పడమరకు వెళ్లే విమానం సమయం కాదు. అనుమానం తీరక లండన్ లెక్క కూడా చూశాము: సుమారు 7,750 కిలోమీటర్లకు పేజీ తొమ్మిది గంటల పైచిలుకు అని చెబుతుంది. అది లండన్ నుంచి హైదరాబాద్ వచ్చే విమానానికి కాస్త అటూఇటూగా సరిపోతుంది, ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే విమానానికి మాత్రం గంటకు పైగా చాలదు.

కారణం గాలి. ఉష్ణమండలానికి ఉత్తరంగా, విమానాలు ఎగిరే ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తులో, జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పడమర నుంచి తూర్పుకు ప్రవహిస్తూ ఉంటుంది. చలికాలంలో దాని వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. తూర్పుకు వచ్చే విమానాన్ని అది వెనక నుంచి నెడుతుంది. పడమరకు వెళ్లే విమానం దానికి ఎదురీదాలి, లేదా తప్పుకుని దూరంగా పోవాలి. 2020 ఫిబ్రవరిలో ఒక తుఫాను వెంట వచ్చిన గాలి మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు అయిదు గంటల లోపే, 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఎదురు దిశలో అదే దూరానికి ఏడు గంటలు దాటడం పరిపాటి. భూమి తిరుగుతోంది కాబట్టి ఈ తేడా వస్తుందని మా బంధువుల్లో ఒకాయన వాదించారు. భూమితో పాటు గాలీ, అందులో ఉన్న విమానమూ కలిసే తిరుగుతాయని, నడిచే రైల్లో పైకి ఎగిరి దూకినవాడు వెనక పెట్టెలో పడడని నాన్నగారు ఆయనకు నచ్చజెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.

దూరమూ సమయమూ ఒకదాని వెంట ఒకటి నడవవని చెప్పడానికి నాకు తెలిసినంతలో ఉత్తమమైన ఉదాహరణ మన దేశానిదే. ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు 2015 డిసెంబరులో నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు అది అట్లాంటిక్ మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్ల దారిలో వెళ్లేది. 2016 అక్టోబరులో అదే విమానాన్ని తూర్పుకు తిప్పి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా పంపించారు. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు, అంటే దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, ముందటి దారి కన్నా దాదాపు రెండు గంటలు ముందుగా. ఈ రెండు ఊళ్ల పేర్లూ మన పేజీకి ఇస్తే ఎటువంటి సంకోచమూ లేకుండా 12,400 కిలోమీటర్ల దగ్గర ఒక సంఖ్య, పద్నాలుగు గంటల చిల్లర సమయం చెబుతుంది. ఆ రెండు దారుల్లో ఏదీ 12,400 కాదు. దూరం ఎక్కువైతే సమయమూ ఎక్కువవుతుందన్న నమ్మకం మీదే ఆ పేజీ మొత్తం నిలబడి ఉంది, ఆ నమ్మకం ఇక్కడ కూలిపోతుంది.

గాలి తరువాత పేజీ పట్టించుకోని సంగతి సరిహద్దులు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం యూరప్ విమాన సంస్థలకు మూతపడింది. ఫిన్లండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు అంతకు ముందు సైబీరియా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లిన ఫిన్‌ఎయిర్ విమానాలు, ఆ తరువాత ఉత్తర ధ్రువం వైపు నుంచో, దక్షిణంగా చుట్టుతిరిగో పన్నెండు, పదమూడు గంటలు తీసుకుంటున్నాయి. రెండు ఊళ్లూ ఎక్కడికీ కదలలేదు కాబట్టి పేజీలో దూరం మారలేదు. దూరం మారలేదు కాబట్టి సమయమూ మారలేదు. మన వైపు చూస్తే, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమాన సంస్థలకు మూసివేసిన తరువాత ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని విమానాలు దారిలో వియన్నా వంటి చోట దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు. మజిలీ పెరిగితే కాళ్ల వాపులు, మందుల వేళలు, చక్కెర వ్యాధి ఉన్నవారి భోజన వేళలు అన్నీ మారిపోతాయి.

మరొక లోపం గడియారాలకు సంబంధించినది. ఇది చిన్నదే గానీ మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. రెండు ఊళ్ల మధ్య సమయం తేడా పేజీ పదకొండున్నర గంటలని చూపించింది. చలికాలంలో అది నిజమే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు కనుక, మా వాళ్లు వెళ్లిన మే నెలలో తేడా పదిన్నర గంటలే. పేజీని నమ్మి చెల్లెలికి నేను చెప్పిన వేళకు ఆమె బయలుదేరి ఉంటే విమానాశ్రయంలో అమ్మానాన్నల కోసం గంటసేపు అదనంగా ఎదురుచూసేది. ఆమె నా మాట నమ్మక విమాన సంస్థ పంపిన సందేశం చూసుకుని వెళ్లింది కాబట్టి సరిపోయింది. ప్రయాణ తేదీ అడగకుండా సమయం తేడా చెప్పే ఏ పేజీనైనా ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలల పాటు ఈ విషయంలో నమ్మకూడదు.

కాబట్టి ఎవరికి ఈ పేజీ పనికి వస్తుంది? ఏ మజిలీ మీదుగా వెళితే చుట్టు తక్కువో తెలుసుకోవాలనుకునేవారికి, పిల్లలకు గ్లోబు మీది దారి చూపించాలనుకునేవారికి నిస్సందేహంగా వస్తుంది. ఆ పనిలో అది వేగంగా ఉంది, ఉచితం, ప్రకటనలు కూడా భరించలేనంత లేవు. అయితే దారి పటమే కావాలంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే పాత పేజీ నాకు ఇంకా మేలు అనిపించింది. అందులో ఊరి పేరుకు బదులు విమానాశ్రయాల మూడక్షరాల సంకేతం ఇవ్వాలి కాబట్టి సింధు హైదరాబాద్‌కు పోయే ప్రమాదం లేదు, మజిలీలను వరుసగా ఇచ్చి మొత్తం దూరం ఒకేసారి చూడవచ్చు. ప్రయాణ సమయం కోసం మాత్రం ఇటువంటి భాగహారపు పేజీలను వదిలేయండి. మీరు ఎక్కబోయే విమానం నంబరు తెలిసి ఉంటే, ఫ్లైట్‌రాడార్ 24 వంటి చోట అదే విమానం గడిచిన వారం రోజులు ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది అన్నది కనబడుతుంది. ఏ సూత్రం కన్నా ఆ ఏడు రోజుల వరుస ఎక్కువ నిజం చెబుతుంది. టికెట్ మీద ఉండే సమయం కూడా గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరే వరకు లెక్క వేసినది, ఆలస్యాలకు కొంత వెసులుబాటు కలిపినది. అందుకే ఒక్కోసారి విమానం ఆలస్యంగా లేచినా చెప్పిన వేళకే దిగుతుంది.

ఈ పేజీ నడిపేవారికి నాదొక విన్నపం. ఒకే సమయం రాయకుండా, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి రెండు సమయాలు రాయండి, నేరు విమానం లేని చోట లేదని ఒక్క వాక్యం చేర్చండి, తేదీ అడగండి. ఈ మూడూ చేస్తే అయిదింట నాలుగు నక్షత్రాలు ఇస్తాను. ప్రస్తుతానికి అయిదింట రెండున్నరే: ఆ మొత్తం దూరానికి, సమయానికి సున్నా.

నాన్నగారు మాత్రం నాకన్నా ఉదారంగా ఉన్నారు. నోటుపుస్తకం చివరి పేజీలో ఆయన పేజీ సూత్రాన్ని కొట్టివేయలేదు, దాని పక్కన ఇంకొక వరుస చేర్చారు: దూర ప్రయాణాల్లో తూర్పుకైతే 900తో, పడమరకైతే 820తో భాగించి, రెండింటికీ అరగంట కలపాలి. దుబాయ్ నుంచి డాలస్ లెక్కకు అది అయిదారు నిమిషాల తేడాతో సరిపోయింది. ఇప్పుడు మా వీధిలో ఎవరి పిల్లలు అమెరికాకు టికెట్ తీసుకున్నా ఆ పుస్తకం బయటికి వస్తుంది. వచ్చినవారు దూరం ఎంతో చెప్పగానే ఆయన కలం మూత తీసి, భాగించే ముందు అడుగుతారు: “వెళ్లేదా, వచ్చేదా?”